పాత జీపు ఫ్లోరుకి తుప్పు పడితే: లప్పం డబ్బా పక్కన పెట్టి రేకు మార్చండి

మీ జీపులో డ్రైవరు కాళ్ల కింద ఉండే రబ్బరు మ్యాట్ ఎత్తి చూసి ఎన్నాళ్లయింది? ముందు అది ఎత్తండి. నేను ఎత్తినప్పుడు కింద రోడ్డు కనబడింది.

నాది 1980ల నాటి మహీంద్రా డీజిల్ జీపు. ఉండేది కాకినాడలో. కొన్నప్పుడు పెయింటు నిగనిగలాడుతోంది, సైడు ప్యానెళ్లు అద్దంలా ఉన్నాయి. ఆర్నెల్లు తిరక్కుండానే వెనక చక్రం పైన పెయింటు పొక్కింది. గోటితో గీరితే అరచెయ్యంత పెచ్చు ఊడి చేతికొచ్చింది. దాని వెనక ఇనుమన్నదే లేదు. పాత దినపత్రిక ఉండలు చుట్టి కుక్కి, పైన వేలు మందాన లప్పం మెత్తారు. ఆ పని ఎవరు చేశారో నాకు తెలీదు, తెలిసినా ఇప్పుడు చేసేదేం లేదు. ఆ తర్వాత రెండు వేసవులు కూర్చుని, సగం నేను, సగం మా టింకరింగ్ మేస్త్రీ కలిసి చేసిన పనిలోంచి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. జీపు బాడీలో ఎక్కువగా చదును రేకులే కాబట్టి నేర్చుకోడానికి ఇంతకంటే మంచి బండి దొరకదు. వంపులున్న కారు మీద మొదటి ప్రయోగం చేయకండి.

ఎంత పోయిందో తేల్చుకోవడం

తుప్పు ఎక్కడ మొదలవుతుందో తెలిస్తే సగం వెతుకులాట తప్పుతుంది. నీళ్లు వచ్చి నిలిచిపోయే చోటు, రెండు రేకులు ఒకదాని మీద ఒకటి కూర్చునే చోటు, మట్టి చిక్కుకునే చోటు. జీపులో ఇవి దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి: పెడళ్ల కింద ఫ్లోరు, ఫ్లోరు కింద దూలాల్లా అడ్డంగా వెళ్లే మడత రేకులు (ఛానెళ్లు), వెనక మూలలు, టూల్ బాక్సు అడుగు, బ్యాటరీ ట్రే, విండ్‌షీల్డ్ ఫ్రేము కింది అంచు, వెనక డోరు అడుగు మడత. సముద్రం దగ్గర ఉప్పు గాలి తోడవుతుంది. ఉప్పాడ బీచ్ రోడ్డులో సముద్రం పోటు మీదుంటే అలలు రోడ్డు మీదికే కొడతాయి. ఒకసారి అలా తడిసి ఇంటికొచ్చి కడగకుండా వదిలేస్తే, ఆ ఉప్పు మడతల్లో కూర్చుని గాల్లో తేమని పీలుస్తూనే ఉంటుంది. ఏజెన్సీలో తిరిగే జీపులకి ఉప్పు లేదు గానీ ఎర్రమట్టి ఉంది. ఛానెల్లో గట్టిపడిన మట్టి వానాకాలమంతా తడిగుడ్డలా ఉంటుంది.

ఇంకో సంగతి. ఇనుము తుప్పుగా మారితే అది ఆక్రమించే చోటు కొన్ని రెట్లు పెరుగుతుంది. స్పాట్ వెల్డింగ్ చేసిన (చుక్కలు చుక్కలుగా అతికించిన) రెండు రేకుల మధ్య తుప్పు పుడితే అది ఆ రేకుల్ని లోపలి నుంచి విడదీస్తుంది. అందుకే అంచులు ఉబ్బి కనిపిస్తాయి. అంచు ఉబ్బిందంటే పైన గీకి లాభం లేదు, అది విప్పాల్సిందే.

సర్వీసింగులో బండి అడుగంతా ప్రెషరు నీళ్లతో కడిగించండి. రెండు రోజులు ఎండలో పెట్టండి. తర్వాత చిన్న సుత్తి, పాత స్క్రూడ్రైవరు, గుడ్డలో చుట్టిన అయస్కాంతం పట్టుకుని కిందకి దూరండి. సుత్తితో మెల్లగా కొడుతూ వెళ్లండి. ఖంగుమంటే రేకు బాగున్నట్టు. డబ్ డబ్‌మని మొద్దుగా పలికితే లోపల డొల్ల. అయస్కాంతం పట్టుకోని చోట లప్పం ఉంది. అనుమానం ఉన్న చోట స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడవండి. దిగిపోతే పోనివ్వండి, బాధపడకండి. ఈ రోజు దిగనివ్వకపోతే రేపు ఎక్కిన మనిషి కాలే దిగుతుంది. పోయిన చోటల్లా సుద్దముక్కతో గీత గీయండి.

మా మేస్త్రీ ఆ సుద్ద గీతలు చూసి నవ్వాడు. "బాబూ, ఇది చెదపురుగు లాంటిదండి. పైకి కనబడ్డదానికి నాలుగింతలు లోపలుంటది. గీత ఇంకో రెండంగుళాలు అవతలికి గీయండి" అన్నాడు. గీశాను. కోసినప్పుడు అది కూడా చాల్లేదు.

తుప్పు పైపైన ఉంటే, అంటే గీకితే కింద మెరిసే ఇనుము వస్తే, వెల్డింగ్ అక్కర్లేదు. వైరు బ్రష్, తర్వాత రసాయనం, ప్రైమరుతో సరిపోతుంది. గీకాక గుంటలు గుంటలుగా, రేకు పలచబడి కనిపిస్తే ఫ్లోరులో అయితే మార్చేయండి. చిల్లు పడితే ఆలోచించే పనే లేదు.

ఫ్లోరు, ఛానెళ్లు, రెండు సైడులూ అన్నీ పోయాయనుకోండి, అప్పుడు అతుకులు కట్టుకుంటూ పోవడం కంటే బాడీయే మార్చుకోవడం నయం. హర్యానాలోని మండీ డబ్వాలీ జీపు బాడీలకు పేరున్న ఊరు. మన దగ్గర కూడా విజయవాడ, విశాఖ ఆటోనగర్లలో ఫ్లోరు, సైడు ప్యానెళ్లు కొలత ఇస్తే చేసిచ్చే వాళ్లున్నారు. నాకు మాత్రం పాత బాడీలో బతికున్న భాగాన్ని ఉంచుకోవడమే ఇష్టం. ఇది లెక్కతో చెప్పే మాట కాదు, మోజు.

విప్పడం, నిప్పు జాగ్రత్త

వెల్డింగ్ అంటే ముందుగా గుర్తు రావాల్సింది ట్యాంకు. సీజే అనే పాత మోడలు జీపుల్లో ట్యాంకు సరిగ్గా డ్రైవరు సీటు కిందే ఉంటుంది. మీరు కోయబోయే ఫ్లోరు దాని పక్కనే. డీజిలే కదా అని వదిలేయకండి. ట్యాంకు విప్పి, ఆవరణలో దూరంగా మూత పెట్టి ఉంచండి. ఖాళీ ట్యాంకు నిండుదాని కంటే ప్రమాదం, ఎందుకంటే లోపల ఆవిరి ఉంటుంది. ట్యాంకుకే చిల్లుంటే ఇంట్లో వెల్డింగ్ పెట్టే ఆలోచన అసలు చేయొద్దు.

బ్యాటరీ నెగటివ్ వైరు ముందు తీయండి, తర్వాత పాజిటివ్. బ్యాటరీని పూర్తిగా దించేయండి. ఆల్టర్నేటరు వైర్లు ఊడదీయండి. సీట్లు, మ్యాట్లు, టాపు గుడ్డ, కోయబోయే చోట వెళ్లే వైరింగు, బ్రేకు పైపులు పక్కకి తప్పించండి. విప్పిన ప్రతి నట్టూ బోల్టూ ఎక్కడిదో రాసి కవర్లో వేయండి. నేను అన్నీ ఒకే పెరుగు డబ్బాలో వేసి, బిగించే రోజు మధ్యాహ్నమంతా ఆ డబ్బా ముందు కూర్చున్నాను.

పక్కన రెండు బకెట్ల నీళ్లు, ఇసుక, తడిపిన గోనెసంచి, వీలైతే ఫైర్ సిలిండరు పెట్టుకోండి. కింద పాత తారు కోటింగు, మీద వాళ్లూ వీళ్లూ పూసిన కాలిన ఆయిలు ఉంటాయి. అవి అంటుకుంటే మొదట పొగే తప్ప మంట కనిపించకపోవచ్చు, అందుకే ఎవరినైనా పక్కన నిలబెట్టుకోండి. పని అయ్యాక గంట సేపు బండిని వదిలి వెళ్లొద్దు.

గ్రైండరు గార్డు తీయకండి. మన దగ్గర గ్రైండరు కొన్న రోజే గార్డు తీసి మూల పడేయడం ఒక ఆచారం. ఒక ఎం.ఎం. కటింగ్ వీల్ రేకులో ఇరుక్కుంటే పగిలి ముక్కలు తుపాకీ గుండులా వస్తాయి. కళ్లద్దాలు, చెవులకి ఇయర్ ప్లగ్గులు, ముఖానికి డస్ట్ మాస్కు ఉండాలి. పాత పెయింట్లలో సీసం ఉండొచ్చు, కాబట్టి ఆ దుమ్ము పీల్చకండి, పిల్లల్ని ఆ దరిదాపుల్లోకి రానివ్వకండి. నైలాన్ టీషర్టు వద్దు, నూలు చొక్కా, తోలు చేతొడుగులు వాడండి.

కోత

ఒకేసారి అంతా కోసేయకండి. జీపు బాడీ పైకప్పు లేని పెట్టె. ఫ్లోరూ, ఛానెళ్లూ ఊడగొడితే రెండు పక్కలూ ఒకదాని వైపు ఒకటి వాలిపోతాయి. తర్వాత కొత్త ఫ్లోరు బ్రహ్మాండంగా అతికించి, వెనక డోరు మూయబోతే మూసుకోదు. అందుకే కోయకముందే ఈ పక్క నుంచి ఆ పక్కకి చదరపు పైపు అడ్డంగా పెట్టి టాక్ (చిన్న వెల్డింగ్ చుక్క) వేయండి. డోరు సందులు, మూల నుంచి మూలకి దూరాలు టేపుతో కొలిచి గోడ మీదే రాసుకోండి. ఒక వైపు పూర్తి చేశాకే రెండో వైపు ముట్టుకోండి.

కోత ఎంతవరకు? మెరిసే ఇనుము వచ్చేదాకా, ఆ పైన ఇంకో అంగుళం. పలచబడిన రేకు మీద వెల్డింగ్ పెడితే రేకు వెనక్కి కరిగిపోతూ ఉంటుంది, చిల్లు పెద్దదవుతుంది, మీరు దాన్ని తరుముతూ ఉంటారు. కోత చదరంగానో పొడుగ్గానో తిన్నగా ఉండాలి, మూలలు మాత్రం గుండ్రంగా తిప్పండి. సూటి మూల దగ్గర కాలక్రమంలో పగులు వస్తుంది. ఫ్లోరు కింద ఛానెల్ బాగుండి, ఫ్లోరు ఒక్కటే పోతే, కటింగ్ వీల్‌తో ఛానెల్ కోసేయకుండా స్పాట్ వెల్డింగ్ చుక్కల్ని 8 ఎం.ఎం. డ్రిల్ బిట్‌తో పై రేకు వరకే తొలిచి, సన్న ఉలితో విడదీయండి. విసుగు పుట్టే పనే, నాకు ఒక్క ఛానెల్‌కి ఒక ఆదివారం పట్టింది.

కోసేటప్పుడు చాసిస్ మీద చెక్కిన నంబరు జోలికి పోవద్దు. గ్రైండరు దాని మీద ఆడినా, మందంగా పెయింటు పూసినా, ఆర్టీఓ ఆఫీసులో పెన్సిల్ ప్రింట్ తీసే రోజు ఇబ్బంది పడేది మీరే. దాని మీద గ్రీజు పూసి టేపు అంటించండి.

అతుకు తయారు చేయడం

రేకు సంగతి. ఫ్లోరుకీ సైడులకీ 18 గేజ్ సీఆర్ (కోల్డ్ రోల్డ్, పూత లేని నున్నటి ఇనుప రేకు) షీటు, అంటే 1.2 ఎం.ఎం., ఛానెళ్లకి 16 గేజ్, అంటే 1.6 ఎం.ఎం. వాడండి. ఎనిమిదడుగులు బై నాలుగడుగుల 18 గేజ్ షీటు దాదాపు 28 కిలోలు తూగుతుంది, అంత అక్కర్లేదు, కట్ పీసు అడగండి. మందం ఎక్కువైతే గట్టిదని 14 గేజ్ కొనేవాళ్లున్నారు. పలచని పాత రేకుకి మందపు కొత్త రేకు అతికిస్తే వేడి సమంగా పోదు, పాతది కాలిపోతుంది. తుప్పు పట్టదని జింకు పూత ఉన్న జీఐ షీటు కూడా వద్దు. వెల్డింగులో దాని జింకు కాలి తెల్లటి పొగ వస్తుంది, అది పీల్చితే రాత్రికి చలిజ్వరం ఖాయం.

రేకు కోయకముందు అట్టతో నమూనా చేయండి. దీనికి పెళ్లి శుభలేఖల అట్టని మించింది లేదు. గట్టిగా ఉంటుంది, మడతపెడితే మడత నిలుస్తుంది, ప్రతి ఇంట్లో డజన్లకొద్దీ పడి ఉంటాయి. కోసిన చోట పెట్టి, కింద నుంచి పెన్సిలుతో అంచు గీసి, కత్తిరించి, మళ్లీ పెట్టి చూసి, సరిపోయాకే రేకు మీద గీయండి. ఛానెల్ మడతలు ఇంట్లో సుత్తితో కొట్టుకోకండి. బెండింగ్ మెషిన్ ఉన్న షాపులో అట్ట చూపిస్తే పది నిమిషాల్లో మడిచిస్తారు.

పెద్ద చదును ముక్క వేస్తే బండి కదిలినప్పుడల్లా డప్పులా మోగుతుంది. అసలు ఫ్లోరులో గీతల్లా పొడుగాటి ఉబ్బులు ఉండేది అందుకే. బెండింగ్ షాపులోనే అలాంటి ఉబ్బులు (బీడ్లు) రెండు మూడు కొట్టించండి.

బయటికి కనిపించే సైడు ప్యానెల్లో అంచుకి అంచు ఆనించి అతకాలి, మధ్యలో హాక్సా బ్లేడు దూరేంత సందు వదలాలి. ఫ్లోరులో అయితే ఒకదాని మీద ఒకటి అర అంగుళం ఎక్కించొచ్చు. ఎక్కించేటప్పుడు ఇంటి మీద పెంకులు పేర్చినట్టు ఆలోచించండి. నీళ్లు వచ్చే దారిలో పై ముక్క పైన, కింది ముక్క కింద. తిరగేసి పెడితే నీళ్లు సరాసరి అతుకులోకే పోతాయి. ఎక్కించే రెండు ముఖాలకీ వెల్డింగుకి ముందే, వెల్డింగ్ కింద పనికొచ్చే (వెల్డ్-త్రూ) జింక్ స్ప్రే పలచగా కొట్టండి, తర్వాత అక్కడికి బ్రష్ దూరదు.

వెల్డింగ్

ఆర్క్ వెల్డింగ్ ఈ రేకుకి వద్దు, రాడ్డు పెట్టగానే చిల్లు. గ్యాస్ వెల్డింగులో చేయి తిరిగిన పాత మేస్త్రీలు అద్భుతంగా చేస్తారు గానీ వేడి ఎక్కువ, కొత్తవాళ్ల చేతిలో రేకు అప్పడంలా మెలి తిరుగుతుంది. మనం సీఓటూ వెల్డింగ్ అనేది, అంటే గన్నులోంచి వైరు, దాని చుట్టూ గ్యాసు వచ్చేది, 0.8 ఎం.ఎం. వైరుతో, దీనికి సరైనది. అది చేతకాకపోతే ఇక్కడిదాకా మీరు చేసి, వెల్డింగు మాత్రం మేస్త్రీకి ఇవ్వండి. అందులో నామోషీ ఏం లేదు, ఖర్చులో పెద్ద భాగం విప్పడం, గీకడం, కొలవడంలోనే పోతుంది, అది మిగిలింది కదా.

మీరే చేస్తుంటే అదే మందం తుక్కు రేకు మీద ముందు సాధన చేయండి. సెట్టింగు కుదిరితే నూనెలో బజ్జీ వేగుతున్నట్టు ఎడతెగని చప్పుడు వస్తుంది. టప్ టప్‌మని పేలుతుంటే వైరు వేగం చూడండి, దానికంటే ముందు ఎర్త్ క్లాంపు చూడండి. అది పెయింటు మీద పెట్టి, మెషిన్ని తిట్టుకుంటూ నేను ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను.

గీత గీసినట్టు ఏకబిగిన పెట్టకండి. అయస్కాంతాలతో, క్లాంపులతో ముక్కని బిగించి, నాలుగు మూలలా ఒక్కో చుక్క. తర్వాత ఎదురెదురు పక్కల మధ్యలో ఒక్కో చుక్క. ఇలా అంగుళానికో చుక్క వచ్చేదాకా ఎగురుతూ వేయండి. అప్పుడు చుక్కల మధ్య ఖాళీలు నింపండి, అదీ ఒక చోట ఒకటి, ఎదుటి పక్క ఒకటి. చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే పక్క చుక్క. నీళ్లు పోసి చల్లార్చకండి. ఒక మీటరు అతుకుకి నాకు రెండు గంటలు పట్టింది, అందులో ఎక్కువ భాగం టీ తాగుతూ చూడటమే. చిల్లు పడితే వెనక రాగి ముక్క ఆనించి నింపండి, ఇనుము రాగికి అంటుకోదు. పాత ఏసీ రాగి గొట్టం సుత్తితో సాపు చేసినా చాలు.

ఫ్లోరుని ఛానెల్‌కి పట్టించడానికి పై రేకులో రెండంగుళాలకొకటి 8 ఎం.ఎం. బెజ్జాలు వేసి, ఆ బెజ్జాల్లోంచి కింది రేకు కరిగేలా నింపండి. కంపెనీ స్పాట్ వెల్డింగుకి ఇది మన ఇంటి ప్రత్యామ్నాయం.

ఒక్క హెచ్చరిక. ఫ్యాను ఆపండి. సీఓటూ గ్యాసు కరిగిన ఇనుముని గాలి తగలకుండా కాపాడాలి. మే నెల ఉక్కలో ఫ్యాను పెట్టుకున్నా, మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగినా ఆ గ్యాసు ఎగిరిపోతుంది, వెల్డింగ్ స్పంజిలా బెజ్జాలు బెజ్జాలుగా వస్తుంది. నేను పొద్దున్నే ఆరింటికి మొదలుపెట్టి పదింటికి ఆపేసేవాణ్ణి.

తర్వాత ఫ్లాప్ డిస్కుతో (గరుకు పేపరు రెక్కలుండే గ్రైండరు చక్రం) ఉబ్బు వరకే అరగదీయండి. పక్క రేకు పలచబడితే చేసిందంతా వృథా. చీకటి పడ్డాక కింద టార్చి పెట్టి పై నుంచి చూడండి. చుక్క వెలుగు కనిపించినా మళ్లీ నింపాలి.

ప్రైమరు, ఆ తర్వాతే లప్పం

మా ఊరి గాల్లో మెరిసే ఇనుము రాత్రికి రాత్రే పసుపు తిరుగుతుంది. కాబట్టి అరగదీసిన రోజే ప్రైమరు పడాలి. ఒట్టి చేత్తో ముట్టుకోకండి, వేళ్ల చెమట గుర్తు మర్నాటికి తుప్పు గుర్తవుతుంది.

గుంటల్లో మిగిలిన తుప్పుకి ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ రిమూవర్ బ్రష్‌తో పూసి, డబ్బా మీద చెప్పినంత సేపు ఉంచి, బాగా కడిగి, వెంటనే గుడ్డతో తుడిచి ఎండలో ఆరబెట్టండి. యాసిడ్ మిగిలితే దాని మీద ఎపాక్సీ పట్టదు. థిన్నరుతో తుడిచి, రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ ప్రైమరు రెండు కోటింగులు వేయండి. రెడ్ ఆక్సైడు ఒక్కటే చాలని పెయింటరు అంటాడు. కిటికీ గ్రిల్లుకి చాలు. చక్రం విసిరే రాయికీ, ఉప్పు నీటికీ అది నిలవదు.

ప్రైమరు ఆరాక అతుకులన్నిటి మీదా సీమ్ సీలరు (సందులు మూసే ముద్ద) వేలితో రుద్దండి. ఇప్పుడు లప్పం. అవును, లప్పం అసలు వద్దని నేననలేదు. గట్టి రేకు మీద, ప్రైమరు మీద, రెండు ఎం.ఎం. లోపు ఎత్తుపల్లాలు సరిచేయడానికే అది పుట్టింది. లప్పాన్ని గట్టిపరిచే హార్డెనరు వందకి రెండు పాళ్లు. ఎండాకాలం ఒకేసారి ఎక్కువ కలపకండి, పలక మీదే రాయైపోతుంది. రుద్దేటప్పుడు నీళ్లు వాడొద్దు. పెయింటర్లకి నీళ్ల పేపరు అలవాటు గానీ, లప్పం నీళ్లు పీలుస్తుంది, అది ప్రైమరు మీద పొక్కులై తేలుతుంది. 80 నంబరు పేపరు, తర్వాత 180, తర్వాత 320, అంతా పొడిగానే. మీద మళ్లీ ప్రైమరు.

రంగుకి సంక్రాంతి వెళ్లాక, ఎండలు ముదరకముందు రోజులు మంచివి. వానాకాలంలో కొట్టిస్తే తేమకి రంగు పాలిపోతుంది.

మిలిటరీ పచ్చ వేయించాలని ప్రతి జీపు యజమానికీ ఉంటుంది, నాకూ ఉండేది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 121వ నియమం ప్రకారం ఆలివ్ గ్రీన్ రక్షణ శాఖ బండ్లకే. ఇంకే రంగుకి మార్చినా ఆర్సీలో ఎక్కించుకోండి. నేను పాత నీలమే మళ్లీ వేయించాను.

లోపలి ఛానెళ్లు

అందరూ మర్చిపోయేది ఇదే. బయట ఎంత పెయింటు వేసినా, ఛానెల్ లోపల వెల్డింగు వేడికి కాలిన ఒట్టి ఇనుము ఉంటుంది. రంగు పూర్తిగా ఆరాక, సన్న గొట్టం ఉన్న స్ప్రేతో ఛానెళ్ల లోపల క్యావిటీ వ్యాక్స్ (తుప్పు పట్టకుండా లోపల కొట్టే మైనం) కొట్టండి, కింది బెజ్జాల్లోంచి కారేదాకా. కాలిన ఇంజను ఆయిలు పూసే పాత పద్ధతి నాకు నచ్చదు. అది రబ్బరు బుష్‌లని మెత్తబరుస్తుంది, దుమ్ముని ముద్దలా పట్టుకుంటుంది, వానకి కారి నేలలోకి పోతుంది, రేపెప్పుడైనా వెల్డింగ్ పెడితే మొదట అంటుకునేది అదే.

ఛానెళ్లకి అడుగున నీళ్లు పోయే బెజ్జాలుంటాయి. సీలరు పూసే ఉత్సాహంలో వాటిని మూసేయకండి, కొత్త ఛానెల్ అయితే పల్లంగా ఉన్న కొసలో మీరే వేయండి. రబ్బరు మ్యాట్ మళ్లీ పరిచే ముందు ఫ్లోరు మీద చెంబుడు నీళ్లు పోసి ఎటు పోతున్నాయో చూడండి. తొలకరికి ముందు ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి సైకిల్ చువ్వ తీసుకుని కిందకి దూరి ఆ బెజ్జాలన్నీ పొడవండి. మొన్న అక్టోబరులో నా దాంట్లో ఎడమ వెనక బెజ్జంలోంచి పిడికెడు బీచ్ ఇసుక రాలింది.